ఆ మాత్ర వెనక సుబ్బారావుగారు
మా అమ్మాయికి నెల తప్పిందనగానే డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. చీటీ చూడగానే నాకు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతోనే పోయారు. ఆయనకీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో తగ్గింది. అమెరికా వెళ్లి మళ్లీ రానేలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు, పాపం ఆవిడ గురించి మాట్లాడేవాళ్లే తక్కువ! లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకి అదే మందయింది. 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

తోటకూర, పాలకూరల్లో ఉండే ఈ విటమిను ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది. నేనేమో ఇన్నేళ్లూ ఆ నీళ్లు తూములో పారబోశాను! మాత్రలు మానొద్దని అమ్మాయికి చెప్పాను. తోటకూర మాత్రం ఇప్పుడు కడిగాకే తరిగి, కాసిని నీళ్లతో మూతపెట్టి మగ్గించి, ఆ నీళ్లతో సహా పప్పులో కలిపేస్తున్నాను.