బలమే పెట్టుబడి – యూజెన్ సాండో

దేహబలం ఒక్కనాడు వచ్చేది కాదు. తాలింఖానాలో కొత్తగా చేరిన యువకునికి ఏ గురువూ మొదటినాడే సంగిడి రాయిని అప్పగించడు. ముందు దండీలు, బస్కీలు తీయిస్తాడు. వాటి సంఖ్యను దినదినమూ కొద్దికొద్దిగా పెంచుతాడు. బరువును మోయగల కండరం సిద్ధమైన తరువాతనే బరువును అందిస్తాడు. ఒక వ్యాపారాన్ని నిర్మించే విషయంలోనూ ఈ నియమమే వర్తిస్తుంది. ఈ రెండింటికీ గల సంబంధాన్ని తన జీవితం ద్వారానే లోకానికి చూపినవాడు యూజెన్ సాండో. దేహబలాన్నే పెట్టుబడిగా చేసుకొని ఆయన గొప్ప వ్యాపారాన్ని నిర్మించాడు. చివరి దశలో దానిని చాలావరకు పోగొట్టుకొన్నాడు. ఆయన విజయమూ పాఠమే, పతనమూ పాఠమే.

సాండో 1867 ఏప్రిల్ 2వ తేదీన ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. ఆ నగరం నేడు కాలినిన్‌గ్రాడ్ అనే పేరుతో రష్యాలో ఉంది. ఆయన అసలు పేరు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ముల్లర్. బాల్యంలో తాను దుర్బలుడననీ, తండ్రితో ఇటలీకి వెళ్ళినప్పుడు అక్కడి ప్రాచీన వీరుల శిల్పాలను చూచి అటువంటి దేహం సాధించాలని సంకల్పించుకొన్నాననీ ఆయన తరువాతి కాలంలో తన రచనలలో చెప్పుకొన్నాడు. యౌవనంలో సైనిక సేవను తప్పించుకొనడానికి స్వదేశం విడిచి, సర్కస్ బృందాలతో ఐరోపాలోని పట్టణాలు తిరిగాడు. చేతిలో ధనం లేదు. అండగా నిలిచే బంధువులు లేరు. ఆయనకున్న ఆస్తి ఆయన శరీరమే.

ఆ దశలో బ్రస్సెల్స్ నగరంలో లూయీ డుర్లాకర్ అనే వ్యాయామ గురువు ఆయనకు లభించాడు. అటీలా అనే రంగస్థల నామంతో ప్రసిద్ధుడైన ఆ గురువు సాండోలోని శక్తిని గుర్తించి, బరువులెత్తే పద్ధతినీ, ప్రేక్షకులను ఆకట్టుకొనే నేర్పునూ బోధించాడు. బలం ఉన్నవారు ఆనాడు ఎందరో ఉన్నారు. బలాన్ని క్రమపద్ధతిలో పెంచుకొన్నవారు, దానిని పదిమంది మెచ్చేటట్లు చూపగలిగినవారు కొందరే. సాండో ఆ కొందరిలో ఒకడయ్యాడు.

1889వ సంవత్సరంలో ఆయన జీవితం మలుపు తిరిగింది. లండన్‌లోని రాయల్ అక్వేరియం అనే వినోదశాలలో సాంప్సన్ అనే మల్లుడు తనతో పోటీపడగలవారు ఎవరైనా ఉంటే రమ్మని ప్రేక్షకులను సవాలు చేస్తుండేవాడు. సాండో మొదట అతని శిష్యుని, కొద్దిరోజుల తరువాత సాంప్సన్‌నే ఓడించాడు. అంతవరకు ఎవరికీ తెలియని యువకుని పేరు లండన్ అంతటా మారుమ్రోగింది. ఆ విజయం ఒక్క రాత్రిలో లభించినట్లు కనిపించినా, దాని వెనుక ఏళ్ళ తరబడి చేసిన సాధన ఉంది.

1893లో సాండో అమెరికాలోని షికాగో నగరంలో ప్రదర్శనలిచ్చాడు. అక్కడ ఆయన ప్రదర్శనలను నిర్వహించిన ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ ఒక విషయం గమనించాడు. సాండో ఎత్తే బరువులకంటె ఆయన దేహసౌష్ఠవమే ప్రేక్షకులను ఎక్కువగా ఆకర్షిస్తున్నది. అప్పటినుండి ప్రదర్శనలో బరువులతోపాటు ప్రాచీన శిల్పాల భంగిమలకు ప్రాధాన్యం పెరిగింది. కొనుగోలుదారుడు దేనిని కోరుతున్నాడో గ్రహించడం వ్యాపారంలో తొలి మెట్టు. సాండో ఆ మెట్టును అక్కడ ఎక్కాడు. మరుసటి సంవత్సరం ఎడిసన్ సంస్థ ఆయన భంగిమలను చలనచిత్రంగా తీసింది. లోకంలో తొలినాటి చలనచిత్రాలలో అది ఒకటి.

అయితే రంగస్థలం మీద వచ్చే కీర్తి దేహంలో బిగువు ఉన్నంతకాలమే నిలుస్తుంది. ఈ సత్యం తెలిసిన సాండో తన బలాన్ని చూపడంతో తృప్తి చెందక, ఇతరులకు బలాన్ని చేకూర్చే మార్గం ఆలోచించాడు. 1897లో లండన్‌లోని సెయింట్ జేమ్స్ వీధిలో వ్యాయామ విద్యాసంస్థను స్థాపించాడు. అక్కడ చేరిన ప్రతి వ్యక్తి ఛాతీ, భుజాలు, నడుము, తొడల కొలతలను ముందుగా నమోదు చేసేవారు. వయస్సునూ దేహస్థితినీ బట్టి వ్యాయామం నిర్ణయించేవారు. కొంతకాలం గడిచిన తరువాత తిరిగి కొలతలు తీసి, మొదటి కొలతలతో పోల్చి చూపేవారు. నగరంలో రోజంతా కుర్చీలో కూర్చొని పనిచేసే గుమాస్తాకు కూడా తన అభివృద్ధి అంకెలలో కంటికి కనిపించేది.

ఆయన పద్ధతి ఎంతో సులభమైనది. తేలికైన డంబెల్స్‌తో ప్రతిదినమూ నియమంగా వ్యాయామం చేయాలి. ఎన్ని పర్యాయాలు చేయాలో పట్టిక చూచి, ఆ సంఖ్యను కొద్దికొద్దిగా పెంచుకొంటూ పోవాలి. ఒక్క అవయవాన్ని మాత్రమే పెంచక దేహమంతటినీ సమంగా తీర్చుకోవాలి. చేసే పనిమీద మనస్సు నిలపాలి. స్త్రీలకు కూడా వ్యాయామం అవసరమని ఆయన బోధించాడు.

వ్యాపారాన్ని కూడా సాండో ఈ క్రమంలోనే విస్తరింపజేశాడు. లండన్‌కు రాలేనివారికి తపాలా ద్వారా పాఠాలు పంపించాడు. వ్యాయామ గ్రంథాలు వెలువరించాడు. పిడికిలితో నొక్కి పట్టుకొనే స్ప్రింగుల డంబెల్‌ను తయారుచేయించి విక్రయించాడు. 1898 జులైలో ఒక పత్రికను ప్రారంభించాడు. పాఠశాలలో చేరినవాడు పుస్తకం కొనేవాడు; పుస్తకం చదివినవాడు పరికరం కొనేవాడు; పరికరం కొన్నవాడు పత్రిక తెప్పించుకొనేవాడు. దేహంలో ఒక కండరం మరొక కండరానికి ఆసరా అయినట్లు, ఆయన వ్యాపారంలో ఒక శాఖ మరొక శాఖకు బలమిచ్చేది.

ఆ పత్రిక తొలి సంచికలోనే ఆయన ఒక దేహదారుఢ్య పోటీని ప్రకటించాడు. బ్రిటన్‌లోని వివిధ ప్రాంతాలలో పోటీలు జరిపి, అక్కడ గెలుపొందినవారిని చివరి పోటీకి ఎంపిక చేయడానికి మూడేళ్ళు పట్టింది. సాండో తొందరపడలేదు. 1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆ మహాపోటీ జరిగింది. శిల్పి చార్లెస్ లాస్, సుప్రసిద్ధ రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ సాండోతోపాటు న్యాయనిర్ణేతలుగా వ్యవహరించారు. మిక్కిలి పెద్ద కండరాలు గలవానికి కాక, సమతూకంగా పెరిగిన దేహం గలవానికే బహుమతి అని ముందుగానే నిర్ణయించారు. నాటింగ్‌హామ్ ప్రాంతానికి చెందిన విలియం ముర్రే ప్రథమ బహుమతిగా సాండో స్వర్ణప్రతిమను అందుకొన్నాడు.

అనంతరం సాండో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా దేశాలలో పర్యటించి, 1905లో భారతదేశంలోనూ ప్రదర్శనలిచ్చాడు. అప్పటికే మన దేశంలో కుస్తీ గోదాల సంప్రదాయం వేళ్ళూనుకొని ఉంది. విదేశీ మల్లుని పర్యటన మన యువకులలో ఉత్సాహాన్ని ఇనుమడింపజేసింది. మన తెలుగునాట వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు ఆ తరానికి చెందినవాడే. విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసిన ఆయన సొంతంగా సర్కస్ సంస్థను నెలకొల్పి దేశ విదేశాలలో కీర్తి గడించాడు. దేహబలం వ్యాపారానికి పునాది కాగలదనడానికి ఆయన జీవితమూ తార్కాణమే.

1911లో బ్రిటిష్ చక్రవర్తి ఐదవ జార్జి సాండోను తన వ్యాయామ శిక్షకునిగా నియమించాడు. సాండో కీర్తి శిఖరాన్ని అందుకొంది. ఆ దశలోనే ఆయన కోకో పొడి వ్యాపారంలో ప్రవేశించాడు. ఆరోగ్యాన్నీ బలాన్నీ ఇచ్చే పానీయంగా దానిని తన పేరుతో విక్రయించాడు. ఈ వ్యాపారం పూర్వపు వ్యాపారాల వంటిది కాదు. పుస్తకానికీ డంబెల్‌కూ ఆయన అనుభవం, పేరు చాలు. కోకో తయారీకి కర్మాగారం కావాలి, ముడిసరుకు కావాలి, దేశమంతటా దుకాణాలతో సంబంధం కావాలి, నిరంతరం పెద్ద పెట్టుబడి కావాలి. అప్పటికే క్యాడ్‌బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ సంస్థలు తరతరాలుగా ఆ రంగంలో పాతుకొని ఉన్నాయి. వాటితో తలపడడానికి సాండో సంస్థకు తగిన కండబలం లేదు.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమయింది. సాండో 1906లోనే బ్రిటిష్ పౌరసత్వం పొందినా, జర్మన్ జాతీయుడుగా పుట్టిన కారణాన ప్రజల అనుమానానికి గురి అయ్యాడు. 1916లో కోకో సంస్థ మూతపడింది. ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టిన సంపదలో చాలాభాగం దానితో పోయింది. యుద్ధం ఆయన తెచ్చుకొన్నది కాదు. పుట్టిన దేశాన్ని బట్టి ఒక వ్యక్తిని అనుమానించడం న్యాయమూ కాదు. అయినా, తట్టుకోగల శక్తి సంస్థకు ఉండి ఉంటే ఆ దెబ్బకు అది కుప్పకూలేది కాదేమో! శిష్యులకు తేలిక బరువుతో మొదలుపెట్టమని బోధించిన గురువు తాను మాత్రం సిద్ధపడని బరువును ఒక్కసారిగా భుజానికెత్తుకొన్నాడు.

1925 అక్టోబరు 14న సాండో తన 58వ ఏట లండన్‌లో మరణించాడు. ఆయనను ఖననం చేసిన పట్నీ వేల్ శ్మశానవాటికలో ఎన్నో దశాబ్దాలపాటు ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి కూడా లేదు. కాని ఆయన ఆరంభించిన పని నశించలేదు. 1977 నుండి మిస్టర్ ఒలింపియా పోటీ విజేతకు ఇచ్చే బహుమతి సాండో ప్రతిమయే. మన అంగళ్ళలో అమ్మే చేతులు లేని బనియన్‌కు శాండో బనియన్ అనే పేరు కూడా ఈయన మీదుగా వచ్చినదే అంటారు.

సాండో కోకో సంస్థ చిరునామా కూడా లేకుండా పోయింది. కొలత తీసుకొని, కొద్దికొద్దిగా పెంచుకొంటూ, అన్ని అవయవాలనూ సమంగా తీర్చుకోవాలన్న ఆయన పద్ధతి మాత్రం నేటికీ వ్యాయామశాలలలో సజీవంగా ఉంది. కొలత లేని సాధన, లెక్క లేని వ్యాపారం ఒకటే. ఒకే భుజం పెరిగిన దేహం, ఒకే శాఖ పెరిగిన సంస్థ ఒకటే. విద్యార్థులు రేపు ఏ వృత్తిలో ప్రవేశించినా, ఏ వ్యాపారం చేపట్టినా, ఎత్తబోయే బరువును చూచుకొనే ముందు తమ భుజబలాన్ని చూచుకోవాలి. బలం చాలనప్పుడు బరువును వదలిపెట్టనవసరం లేదు. బలాన్ని పెంచుకొని తిరిగి రావచ్చు. సాండో జీవితం మనకిచ్చే సందేశం ఇదే.