వాయువులతో విద్యుత్తు పుట్టించిన న్యాయమూర్తి

విద్యుత్తు పంపితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుందని మనం సైన్సు తరగతిలో చదువుకున్నాం. ఆ రెండూ తిరిగి కలిస్తే విద్యుత్తు పుడుతుందని చూపించినవారిలో ముఖ్యులు సర్ విలియం రాబర్ట్ గ్రోవ్.

ఆయన 1811లో వేల్స్‌లోని స్వాన్సీలో జన్మించారు. న్యాయవాది అయ్యారు గానీ, ఆరోగ్యం సహకరించక విజ్ఞానశాస్త్రం వైపు మళ్ళారు. 1842లో 50 జతల గొట్టాలతో వాయు బ్యాటరీ తయారుచేశారు. ప్రతి జతలో ఒక గొట్టంలో హైడ్రోజన్, రెండోదానిలో ఆక్సిజన్. లోపల ప్లాటినం రేకులు. అడుగున నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. చేతులు పట్టుకుని నిలబడిన అయిదుగురికీ దాని షాకు తగిలింది!

వాయువు, ఆమ్లం, ప్లాటినం మూడూ తాకే చోటే పని జరుగుతుందని ఆయన గ్రహించారు. ఆ చోటు పెరగాలని రేకులకు ప్లాటినం పొడి పూత పట్టించారు.

తర్వాత సంసారం కోసం మళ్ళీ కోర్టుకు వెళ్ళి, 1871లో న్యాయమూర్తి అయ్యారు. 1896లో కన్నుమూశారు.

నేటి ఫ్యూయల్ సెల్‌కు ఆయన బ్యాటరీయే మూలం. దానికి కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీసే పరికరం రిఫార్మర్. కొన్ని రిఫార్మర్లలో ఇంధనం, గాలి, నీటి ఆవిరి ఉత్ప్రేరకాన్ని చేరేలోపే బాగా కలిసిపోవాలి. ఆవిరి, గాలి చాలనిచోట మసి పడుతుంది. గాలి ఎక్కువైనచోట వేడి మితిమీరి ఉత్ప్రేరకం పాడవుతుంది.

బదిలీలతో ఊళ్ళు మారే మనకు ఇది కొత్త సంగతి కాదు. ఒకే గదిలో కూర్చున్నంత మాత్రాన కలిసిపోయినట్టు కాదు. కొత్త బడిలో పక్క బెంచీవాళ్ళను మనమే ముందు పలకరిద్దాం.