గోదావరి ఒడ్డున బొమ్మల బడి – దామెర్ల రామారావు



తరగతి గదిలో ప్రొజెక్టర్ వెలగగానే మీ కళ్ళు మెరుస్తాయి. పది వాక్యాలు చెప్పలేనిది ఒక బొమ్మ చెబుతుంది. కానీ బొమ్మ చూపిస్తే సరిపోతుందా? చూడటం కూడా నేర్పాలా? వందేళ్ళ క్రితం రాజమండ్రిలో జీవించిన ఒక చిత్రకారుడి కథ తెలుసుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన పేరు దామెర్ల రామారావు.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ప్రాణం. బొమ్మలు గీయడం కాలక్షేపమే గాని చదువు కాదని పెద్దలు అనుకునే రోజులవి. అలాంటి సమయంలో ఆయనకు ఒక మంచి గురువు దొరికారు. ఆయనే ఆస్వాల్డ్ కూల్డ్రే. 1909లో ఇంగ్లాండు నుంచి వచ్చి రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. స్వయంగా కవి, చిత్రకారుడు కూడా.

మీ అమ్మానాన్నల్లాగే కూల్డ్రే గారు కూడా ఉద్యోగం కోసం పరాయి ఊరికి వచ్చినవారే. భాష తనది కాదు, ఊరు తనది కాదు. అయినా ఆయన గోదావరిని, పాపికొండలను, పల్లె జీవితాన్ని ప్రేమగా చూశారు. పక్కనే పుట్టి పెరిగిన పిల్లలకు వాటి అందాన్ని చూపించారు. అజంతా గుహల చిత్రాల గొప్పతనాన్ని పరిచయం చేశారు. ‘నారాయణరావు’ నవల రాసిన అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే.

కూల్డ్రే గారి ప్రోత్సాహంతో రామారావు గారు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందారు. మనిషి శరీర నిర్మాణం, వెలుగునీడలు క్షుణ్ణంగా నేర్చుకున్నారు. చదువు ముగిశాక ఆయన గీసినది మాత్రం మన జీవితాన్నే. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘ఋష్యశృంగ బంధనం’ వంటి చిత్రాలతో పేరు పొందారు.

పెద్ద నగరంలో స్థిరపడే అవకాశం ఉన్నా ఆయన సొంత ఊరికి తిరిగి వచ్చారు. గురువు తనకు ఇచ్చినదాన్ని మరికొందరికి ఇవ్వాలని రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించారు. మిత్రుడు వరదా వెంకటరత్నం గారు తోడు నిలిచారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులయ్యారు.

ఇంతలో మశూచి వచ్చింది. 1925 ఫిబ్రవరి 6న, ఇంకా 28 ఏళ్ళు నిండకుండానే రామారావు గారు కన్నుమూశారు. ప్రపంచం నుంచి మశూచిని పూర్తిగా తరిమివేశామని 1980లో ప్రకటించారు. ఆనాడు మాత్రం అది ఇళ్ళకు ఇళ్ళను ఖాళీ చేసిన జబ్బు. అయినా ఆయన పెట్టిన బడి ఆగలేదు. వెంకటరత్నం గారు దాన్ని నడిపించారు. రామారావు గారి చిత్రాలను నేటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడవచ్చు.

ఈ కథ నాకు తరగతి గదిలో తరచుగా గుర్తొస్తుంది. వైశాలి నగర్‌లో పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామంది గంగిరెద్దును చూసి ఉండరు. సంక్రాంతి పాఠం చెప్పేటప్పుడు బొమ్మ లేకపోతే అది వట్టి మాటగానే మిగులుతుంది. అందుకే ముందు బొమ్మ చూపిస్తాను. ఒక నిమిషం తర్వాత తీసేసి, ఎద్దు కొమ్ములకు ఏం కట్టారు, వీపు మీద బట్ట ఏ రంగు అని అడుగుతాను. మొదటిసారి సగం మంది చెప్పలేరు. రెండోసారి చూపినప్పుడు అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. అప్పుడు ‘మువ్వలు’, ‘మూపురం’ అనే మాటలు వాటంతటవే నాలుక మీదికి వస్తాయి. బొమ్మ పాఠాన్ని సులువు చేస్తుంది. శ్రద్ధగా చూసే అలవాటు మాత్రం మనమే పెంచుకోవాలి.

మీరు మూడు నాలుగేళ్ళకు ఒక ఊరు మారుతుంటారు. పాత ఊరి జ్ఞాపకాలు మెల్లగా చెరిగిపోతుంటాయి. కాబట్టి ఒక చిన్న పని చేయండి. భిలాయిలో మీకు నచ్చిన ఒక్కదాన్ని ఎంచుకోండి. ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కావచ్చు, మైత్రీబాగ్‌లో ఒక చెట్టు కావచ్చు, మీ వీధి చివరి కూరగాయల బండి కావచ్చు. ఫోనుతో ఫోటో తీయకుండా, పది నిమిషాలు కూర్చుని చూసి గీయండి. కింద తెలుగులో రెండు వాక్యాలు రాయండి. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదు. రేపు ఏ ఊరికి బదిలీ అయినా ఆ పుస్తకం మీ వెంటే వస్తుంది.