ఆ ఊరి తొలి ఇల్లాలు

కిందటేడు మా పిన్ని అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చింది. వచ్చిన మర్నాడే ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాం. అన్నిట్లోకీ ఎక్కువ ఫొటోలు లాస్ వేగాస్‌వే. ఎక్కడ చూసినా దీపాలే దీపాలు! పిన్ని మాత్రం పెదవి విరిచేసింది. అదొట్టి జూదగాళ్ళ ఊరనీ, సంసారులు ఉండే చోటు కాదనీ తేల్చి పారేసింది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. సంసారులు లేకుండా ఎక్కడైనా ఊరు పుడుతుందా? పొయ్యి వెలగకుండా, పిల్లలు ఏడవకుండా ఊరు ఊరవుతుందా? ఆ ఊరి పాత సంగతులు వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది హెలెన్ స్టూవర్ట్ గురించి. లాస్ వేగాస్ ప్రథమ మహిళ అని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది ఆవిణ్ణే.

హెలెన్ 1854లో ఇలినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. పెరిగింది కాలిఫోర్నియాలో. పద్ధెనిమిదేళ్ళ వయసులో, 1873లో ఆర్చిబాల్డ్ స్టూవర్ట్‌తో పెళ్ళయింది. అతనికి నెవాడా రాష్ట్రంలో పియోచ్ అనే గనుల ఊళ్ళో వ్యాపారం. అతను ఆక్టేవియస్ గాస్ అనే ఆసామికి అయిదు వేల డాలర్లు అప్పిచ్చాడు. గాస్ తాకట్టు పెట్టింది లాస్ వేగాస్‌లోని తన పశువుల క్షేత్రాన్ని. బాకీ తీర్చలేకపోయాడు. 1881లో ఆ భూమి స్టూవర్ట్‌ల చేతికొచ్చింది.

లాస్ వేగాస్ అంటే స్పానిష్ భాషలో పచ్చికబయళ్ళు అని అర్థం. ఎడారి మధ్యలో నీటి ఊటలు, వాటి పక్కన పచ్చిక. అక్కడ 1855లో మోర్మన్ మతస్థులు కట్టిన మట్టి ఇటుకల కోట ఒకటి. అంతే ఆ ఊరు! అక్కడికి కాపురానికి వెళ్ళడం హెలెన్‌కు ఏమాత్రం ఇష్టం లేదు. కొన్నాళ్ళ పాటేలే అని మొగుడు నచ్చజెప్పాడు. 1882లో పిల్లల్ని వెంటేసుకుని కదిలింది. ఆ ఏడే పుట్టిన కూతురి పేరులో లావేగా అని ఊరి పేరు కలుపుకుంది.

పలకరించే తోటి ఇల్లాలు లేదు. డాక్టరు లేడు, బడి లేదు. చేలో పండిన కూరగాయలూ, పళ్ళూ గనుల దగ్గరి కూలీలకు అమ్మేవాళ్ళు. దారినపోయే బాటసారులకు అన్నం పెట్టి, పడక చూపించేవాళ్ళు. వంటింటి చాకిరీ ఎంతుండేదో మనకి వేరే చెప్పాలా!

1884 జూలై 13న ఆ కాపురం ఒక్కపూటలో తలకిందులైంది. అంతకుముందు వాళ్ళ దగ్గర పనిచేసి మానేసిన ఒకడితో ఆర్చిబాల్డ్‌కు గొడవ ఉంది. దగ్గర్లోనే ఉన్న కీల్ వాళ్ళ క్షేత్రానికి తుపాకీ పట్టుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. అక్కణ్ణించి ఒక చీటీ వచ్చింది, శవాన్ని తీసుకుపొమ్మని. హెలెన్‌కి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. నలుగురు పిల్లలు, కడుపులో అయిదోది. గుర్రమెక్కి ఆవిడే వెళ్ళింది. పెట్టె చేయించడానికి చెక్క దొరకలేదు. ఇంటి తలుపులు ఊడదీసి, వాటితోనే శవపేటిక కట్టించి భర్తను సాగనంపింది. ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

కేసు పియోచ్‌లో మొగవాళ్ళ జ్యూరీ ముందుకెళ్ళింది. నేరం మోపడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. అనుమానం పడ్డవాళ్ళు ఇంటికెళ్ళిపోయారు. భర్త వీలునామా రాయలేదు. ఒకపక్క కోర్టు కాగితాలు, ఇంకోపక్క పశువులు, పంట, పనివాళ్ళు. అమ్మేసి కాలిఫోర్నియా వెళ్ళిపోదామనుకుంది గానీ, తగిన బేరం రాలేదు. కారుచవకగా వదిలేసుకోవడానికి ఆవిడ సిద్ధంగా లేదు. 1885 జనవరిలో కొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టుకుంది.

అంతే, పుట్టింటివాళ్ళ ఆసరా తీసుకుని తనే పగ్గాలు పట్టుకుంది. లెక్కలు నేర్చుకుంది. పిల్లలకి ఇంట్లోనే పంతుల్ని పెట్టించి చదువు చెప్పించింది. చుట్టుపక్కల భూములూ, నీళ్ళూ వీలైనప్పుడల్లా కొంటూ పోయింది. 1893లో ఆ చోటికి తపాలా కచేరీ వస్తే, దానికి తొలి పోస్టుమాస్టరు ఆవిడే! న్యూమెక్సికోలో అదే పేరుతో మరో ఊరుంది. ఉత్తరాలు తారుమారు కాకుండా ఈ ఊరి పేరుని అప్పట్లో లాస్ బదులు లోస్ అని రాసేవారట.

దెబ్బలు మాత్రం ఆగలేదు. తండ్రి పేరు పెట్టుకున్న ఆ చిన్న కొడుకు 1899లో గుర్రం మీంచి పడి పోయాడు. పద్నాలుగేళ్ళు. తండ్రి పక్కనే పడుకోబెట్టింది.

1902లో రైలు కంపెనీ వచ్చింది. సెనేటర్ విలియమ్ క్లార్క్‌కి ఆ దారిన రైలు వెయ్యాలంటే ఆ నీళ్ళు కావాలి. సుమారు 1,800 ఎకరాలు 55,000 డాలర్లకు అమ్మింది. పద్ధెనిమిదేళ్ళ ఓపికకు దక్కిన ధర అది. తనవాళ్ళ సమాధులున్న నాలుగెకరాలు మాత్రం అమ్మలేదు. మరుసటేడు ఫ్రాంక్ స్టూవర్ట్ అనే ఆయన్ని పెళ్ళాడింది. ఇంటిపేరు ఒకటేగానీ చుట్టరికం లేదు. పెళ్ళికి ముందే ఆస్తి తనదీ తన పిల్లలదీ అని కాగితం రాయించుకుంది! మన దగ్గర కూతుళ్ళకి, వితంతువులకి ఆస్తిలో గట్టి హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం వచ్చింది 1956లో. అంతకు అర్ధ శతాబ్దం ముందే, సంతకం విలువ ఎడారిలోని ఓ ఇల్లాలికి తెలిసిపోయింది. నేర్పింది చదువు కాదు, వీలునామా లేకుండా పోయిన మొగుడు.

1905 మే 15న రైలు కంపెనీ ఆ నేలను ఇళ్ళస్థలాలుగా వేలం వేసింది. లాస్ వేగాస్ పట్నం పుట్టింది ఆ రోజే. అయితే ఆ నీళ్ళ ఒడ్డున అందరికంటే ముందునుంచీ బతుకుతున్న పయూట్ జాతివాళ్ళకి మాత్రం నిలువనీడ లేకుండా పోయింది. హెలెన్ సంసారం సాగింది కూడా ఒకప్పటి వాళ్ళ నేల మీదేగా! ఆ సంగతి ఆవిడ మర్చిపోయినట్టు లేదు. పయూట్ ఆడవాళ్ళతో స్నేహం చేసి, వాళ్ళు అల్లిన బుట్టలు వందల కొద్దీ సేకరించింది. 1911లో వాళ్ళ నివాసం కోసం పదెకరాలు 500 డాలర్లకు ప్రభుత్వానికిచ్చింది. లాస్ వేగాస్ నడిబొడ్డున పయూట్‌ల కాలనీ ఈనాటికీ ఉంది.

అదే ఏడు ఊళ్ళో ఆడవాళ్ళు మెస్కీట్ క్లబ్బు పెట్టుకుంటే అందులో చేరింది. 1914లో నెవాడా స్త్రీలకు ఓటుహక్కు వచ్చింది. ఆ తర్వాత జిల్లా స్కూలు బోర్డుకి ఎన్నికైన తొలి మహిళ ఆవిడే. కోర్టు జ్యూరీలో కూర్చున్న తొలి ఆడవాళ్ళలోనూ ఒకరు. ఒకప్పుడు మొగవాళ్ళ జ్యూరీ తన మొగుడి చావును కొట్టిపారేస్తే చూస్తూ ఊరుకోవలసి వచ్చిన మనిషి, అలాంటి కుర్చీలోనే కూర్చుంది. ఆ క్షణం ఆవిడ మనసులో ఏం మెదిలిందోనని నాకెప్పుడూ అనిపిస్తుంది.

1926 మార్చి 6న, 71 ఏళ్ళ వయసులో కేన్సర్‌తో కన్నుమూసింది. కడసారి చూపుకి ఊరు ఊరంతా కదిలింది. జూదం ఆ రాష్ట్రంలో చట్టబద్ధమైంది మరో అయిదేళ్ళకి, 1931లో. అంటే ఆ ఊళ్ళో దీపాల కంటే ముందు పొయ్యి వెలిగింది, పేకముక్కల కంటే ముందు పలక వచ్చింది!

పాత కోటలో మిగిలిన భాగాన్ని ఇప్పుడు పార్కుగా కాపాడుతున్నారు. ఈసారి వెళ్తే అక్కడ కాసేపు కూర్చుని రమ్మని పిన్నితో చెప్పాను. కథంతా విన్నాక పిన్ని ఏమీ అనలేదు. కాసేపాగి, ఊళ్ళో ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో బాబాయిని ఓసారి అడగాలి అనుకుంటూ లోపలికెళ్ళింది.