లూయీ బ్రెయిలీ చరిత్రము

ప్రతిదినము ఉదయమున బడిగంట మ్రోగగానే మనము పుస్తకములు విప్పుదుము. మన కన్నులు అక్షరముల వెంట పరుగులిడును. ఇది ఎంతటి భాగ్యమో సాధారణముగా మనకు తోచదు. పుస్తకము ఒడిలోనే యున్నను చదువజాలని బాలుని దుఃఖమెట్టిదో, అట్టి బాలునకు విద్య గరపవలసిన ఉపాధ్యాయుని కష్టమెట్టిదో గ్రహింపదలచినవారు లూయీ బ్రెయిలీ చరిత్రమును తెలిసికొనవలెను. అంధుల లిపిని నిర్మించిన వానిగా ఆయనను లోకమంతయు నెఱుగును. కాని ఆయన యావజ్జీవము బడిపంతులుగా నుండెననియు, ఆ లిపి తరగతిగదిలోని యిక్కట్టునుండియే పుట్టెననియు తలచువారు కొలదిమంది. ఆ భాగమునే మేమిచ్చట విశేషించి చెప్పదలచితిమి.

ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు తూర్పుదిశను సుమారు 40 కిలోమీటర్ల దూరమున కూవ్రే యను చిన్న గ్రామము కలదు. అందు 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీని లూయీ జన్మించెను. తండ్రి సిమోన్ రెనే గుఱ్ఱములకు జీనులు, కళ్లెములు కుట్టి జీవించువాడు. తల్లి పేరు మొనీక్. నలుగురు బిడ్డలలో లూయీ కడగొట్టువాడు. మూడేండ్ల ప్రాయమున ఒకనాడు అతడు తండ్రి పనిగదిలో జొరబడి, తోలునకు బెజ్జములు పొడుచు ఆరెను తీసికొని ఆడుకొనుచుండెను. అది జారి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ కాలపు వైద్యమునకు ఆ పుండు లొంగలేదు. చీము రెండవ కంటికిని ప్రాకెను. అయిదేండ్లు నిండునప్పటికి బాలునకు రెండు కన్నులును పోయెను.

ఆ దినములలో బీదయింట పుట్టిన అంధునకు భిక్షాటనముకంటె వేఱు మార్గము అరుదు. కాని లూయీ తలిదండ్రులు వానిని మూలను కూర్చుండబెట్టలేదు. చేతికఱ్ఱతో వీథులు తిరుగ నేర్పిరి. పనిగదిలో చిన్నచిన్న పనులు చెప్పిరి. ఆ గ్రామమునకు వచ్చిన పాలూయి యను గురువు బాలుని తెలివిని గుర్తించి, తానే పాఠములు చెప్పెను. పిమ్మట గ్రామపు బడిపంతులు బెషెరే వానిని కన్నులున్న పిల్లలతోపాటు బల్లమీద కూర్చుండనిచ్చెను. లూయీ విన్నదెల్ల కంఠస్థము చేసెను. కాని తోడివారు పుస్తకములు విప్పినప్పుడు వానికి చేయునది యేమియు లేకపోయెను. ఎంత దయగల ఉపాధ్యాయుడైనను తగిన సాధనము లేనిచో ఒక హద్దువఱకే శిష్యుని నడిపింపగలడని ఈ సంగతివలన తెలియుచున్నది.

1819వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీని, పదేండ్ల లూయీ పారిసులోని రాజపోషితమగు అంధబాలుర పాఠశాలయందు చేరెను. ఆ పాఠశాలకు మూలపురుషుడు వాలెంటీన్ అవుయీ. 1784లో ఆయన లెసుయోర్ అను అంధభిక్షుక బాలునకు ఉబ్బెత్తు అక్షరములు తడిమి చదువుట నేర్పి, అంధులకు విద్య సాధ్యమని లోకమునకు చూపెను. ఆ మేలు సామాన్యమైనది కాదు. అయినను ఆ పద్ధతియందొక లోపముండెను. అచ్చు దిమ్మెలను తడికాగితముపై నొక్కి సామాన్యాక్షరములనే పైకి ఉబ్బునట్లు చేయుదురు. ఆ పుస్తకములు మిక్కిలి పెద్దవి, బరువైనవి, వెలగలవి. కావున బడిలో వాని సంఖ్యయు స్వల్పము. ఒక్కొక్క అక్షరపు వంపులను వ్రేలితో చుట్టివచ్చి గుర్తించుసరికి వాక్యపు మొదలు మఱపునకు వచ్చెడిది. అంతకంటె పెద్ద కొఱత యేమనగా, ఆ పద్ధతిని పిల్లలు చదువగలరేగాని సులభముగా వ్రాయలేరు. కన్నులకు అందముగా తోచు అక్షరమును కన్నులున్నవారు వ్రేళ్లకు వడ్డించిరి. అది వ్రేళ్లకు రుచింపలేదు.

1821లో షార్ల్ బార్బియే యను మాజీ సైనికాధికారి ఆ పాఠశాలకు తన పద్ధతినొకదానిని తెచ్చి చూపెను. అందు అక్షరములకు బదులు ఉబ్బెత్తు చుక్కలుండెను. నిలువుగా రెండు వరుసలు, ఒక్కొక్క వరుసయందు ఆఱేసి చుక్కలవఱకు. గాడులుగల పలకపై కాగితముంచి మొనగల సాధనముతో పొడిచిన చుక్కలు లేచును. బాలురు తడిమి చూచి ఆశ్చర్యపడిరి. గీతకంటె చుక్కను వ్రేలు వేగముగా పట్టుకొనును! కాని కష్టములును బయటపడెను. పండ్రెండు చుక్కల పొడవు వ్రేలికొన క్రింద ఇముడదు. వ్రేలిని పైకిని క్రిందికిని జరుపవలసివచ్చును. మఱియు అది ధ్వనులనే సూచించును. వర్ణక్రమము లేదు, విరామచిహ్నములు లేవు, అంకెలు లేవు. అట్టి లిపితో మాట చేరవేయవచ్చును గాని విద్య నేర్పజాలము.

అప్పటికి లూయీకి పండ్రెండేండ్లు. అది మొదలు పగటి పాఠములు ముగిసిన పిమ్మటను, సెలవులలో కూవ్రే గ్రామమునకు పోయినప్పుడును కాగితముపై చుక్కలు పొడుచుచు, చెఱిపి మఱల పొడుచుచు నుండెను. తన కన్ను పోగొట్టిన ఆరె వంటి మొనగల సాధనమే వాని చేతియందు అక్షరములను పుట్టించుచుండుట మేము తలచినప్పుడెల్ల మనస్సును కదలించు విషయము. 1824వ సంవత్సరమునకు, అనగా పదునైదేండ్ల వయస్సునకు, ఆ లిపి చాలవఱకు సిద్ధమయ్యెను.

దాని నిర్మాణమును చెప్పెదము. పండ్రెండు చుక్కలను తగ్గించి ఆఱు చేసెను: రెండు నిలువు వరుసలు, ఒక్కొక్క దానియందు మూడు. ఈ ఆఱు చుక్కలు వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇముడును. వానిని వేర్వేరు విధములుగా కూర్చిన 63 గుర్తులు కలుగును. మొదటి పది అక్షరములు పైనున్న నాలుగు చుక్కలతోనే యేర్పడును. తరువాతి పదింటికి అవే గుర్తులను గైకొని ఎడమవైపు అడుగుచుక్కను చేర్చిన చాలును. ఆపై వచ్చువానికి రెండు అడుగుచుక్కలను చేర్చవలెను. ఇట్లు మొదటి పదింటిని నేర్చిన శిశువు తక్కినవానిని ఊహించి పట్టుకొనగలడు. విరామచిహ్నములు, అంకెలు, సంగీతస్వరములు సహితము అందు ఇమిడెను. పిల్లలకు నేర్పుట యెఱిగినవాడే ఇంత పొందికగా కూర్పగలడు.

1829లో లూయీ ఈ పద్ధతిని వివరించు పుస్తకమును ప్రకటించెను. వింత యేమనగా, చుక్కల లిపిని వివరించు ఆ పుస్తకము పాత ఉబ్బెత్తు అక్షరములతోనే అచ్చుపడెను. అప్పటికే ఆయన ఆ బడియందు చిన్న తరగతులకు బోధించుచుండెను. 1833లో పూర్తి ఉపాధ్యాయుడయ్యెను. వ్యాకరణము, చరిత్రము, గణితము, సంగీతము నేర్పెను. 1838లో మొదట లెక్కలు నేర్చువారికై చిన్న గణితపుస్తకమును వ్రాసెను. చర్చిలో ఆర్గన్ వాయించుటయందును ప్రవీణుడు. ఆయన మితభాషి, శిష్యులయెడ మిక్కిలి దయగలవాడు. ఆయన మరణానంతరము విప్పకయే కాల్చవలెనని వ్రాసియున్న పెట్టెయొకటి కనబడెననియు, అందు ఆయన అప్పులిచ్చిన విద్యార్థుల పత్రములుండెననియు చెప్పుదురు.

అయితే ఈ లిపి పుట్టగానే లోకము చేతులు చాచి స్వీకరింపలేదు. 1840లో పాఠశాలకు ద్యుఫో అను క్రొత్త అధ్యక్షుడు వచ్చెను. ఆయన చుక్కల లిపిని ప్రక్కకు నెట్టి, ఉబ్బెత్తు అక్షరములనే వాడవలెనని నిర్ణయించెను. ఇట్టి అధికారుల వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. అంధులకు వేఱు లిపి యేర్పడినచో వారు తక్కిన లోకమునుండి వేఱుపడుదురనియు, ఇంటివారు గాని కన్నులున్న ఉపాధ్యాయులు గాని వారి వ్రాతను చదువజాలరనియు వారి భయము. ఆ భయమున కొంత న్యాయము కలదు. కాని ఉపాధ్యాయుని కన్నులకు సుకరమైనది శిష్యుని వ్రేళ్లకు దుష్కరమైనప్పుడు ఎవరు కష్టమును భరింపవలెను? ఇదియే అచ్చట తేలవలసిన ప్రశ్న.

బ్రెయిలీ ఆ వాదమునందలి సత్యమును ముందే గ్రహించెను. అంధబాలుడు ఇంటికి ఉత్తరము వ్రాసినచో తల్లి చదువుకొనవలెను గదా! అందులకై 1839లో ఆయన మఱియొక పద్ధతిని ప్రకటించెను. దానియందు చుక్కలతోనే సామాన్యాక్షరముల ఆకారము కాగితముపై ఏర్పడును. కన్నులున్న వారెవరైనను చదువవచ్చును. పిమ్మట ఫూకో యను అంధమిత్రుడు ఈ పనికొఱకే ఒక యంత్రమును నిర్మించెను. అంతకుముందు ఇతరులచేత వ్రాయించుకొనవలసిన పిల్లలు తమ మాటను తామే తల్లికి పంపగలిగిరి. ఒక సాధనమునకు ఆక్షేపణ వచ్చినప్పుడు కోపగింపక, ఆ కొఱతను తీర్చు మఱియొక సాధనమును వెదకుట ఆయన పద్ధతి.

ఇంతలో విద్యార్థులు మాత్రము చుక్కలను విడువలేదు. బహిరంగముగా కూడదన్నచో రహస్యముగా వ్రాసికొనిరి; ఒకరికొకరు నేర్పుకొనిరి. పిల్లలు దాచుకొని నేర్చుకొను విద్యకంటె మేలైన యోగ్యతాపత్రము ఏ పద్ధతికిని లేదు. ఉపాధ్యక్షుడగు గాదే ఈ సంగతిని చూచి మనస్సు మార్చుకొని, అధ్యక్షునకు నచ్చజెప్పెను. 1844వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున క్రొత్త భవనము యొక్క ప్రారంభోత్సవ సభలో బ్రెయిలీ లిపిచరిత్రము చదువబడెను. విద్యార్థులు అప్పటికప్పుడు చుక్కలతో వ్రాసి, చదివి చూపిరి. అడ్డుపడిన ద్యుఫోయే సమ్మతించెను. తాను పొరపడితినని తెలిసినప్పుడు మార్గము మార్చుకొనుట పాఠశాలాధికారికి అవమానము కాదు, భూషణమే.

బ్రెయిలీ శరీరము మాత్రము అప్పటికే క్షీణించుచుండెను. ఇరువదియాఱేండ్ల ప్రాయమునుండి క్షయరోగము ఆయనను పీడించెను. తరగతులను విడిచి విశ్రాంతి తీసికొని, కొంత నెమ్మదించినప్పుడు మఱల వచ్చి నేర్పెడివాడు. 1852వ సంవత్సరము జనవరి 6వ తేదీని, 43 ఏండ్లు నిండిన రెండు దినములకు, ఆయన కన్నుమూసెను. రెండేండ్ల పిమ్మట, 1854లో, ఆయన లిపి ఆ పాఠశాలయందు అధికారపూర్వకముగా స్థిరపడెను. 1878లో పారిసున జరిగిన మహాసభ అంధవిద్యకు ఈ లిపినే ఆమోదించెను. మరణించిన నూఱేండ్లకు, 1952లో, ఫ్రాన్సు దేశము ఆయన అస్థులను మహాపురుషుల సమాధిమందిరమగు పాంథియోనునకు చేర్చెను. చేతులను మాత్రము స్వగ్రామమునందే ఉంచిరి. ఆ చేతులే గదా అక్షరములను వెదకినవి!

మనదేశమున ఈ విద్యకు పునాది వేసినవారిలో మిషనరీలు ముఖ్యులు. కుమారి ఆనీ షార్ప్ 1887లో అమృతసరమున అంధులకు పాఠశాల స్థాపించెను. అది 1903లో డెహరాడూనునకు తరలెను. తొలుత ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క విధమగు చుక్కల వరుస ప్రచారమునందుండుటచే చిక్కులు కలిగెను. 1951లో భారతీయ భాషలన్నిటికి పొందిక కుదిర్చిన భారతీ బ్రెయిలీ ఏర్పడెను. దానియందు మన అకారమునకు ఎడమవైపు పైచుక్క యొక్కటియే గుర్తు. దాని నిలువు వరుసలోని అడుగుచుక్కనుకూడ చేర్చిన ‘క’ యగును. ఇట్లు కూవ్రే గ్రామపు బాలుని చుక్కలు తెలుగు ఓనమాలను సహితము పలుకుచున్నవి.

ఆ పని బ్రెయిలీతో ముగియలేదు. ఆఱు చుక్కలకు ఆఱు మీటలుగల ప్రసిద్ధ పెర్కిన్స్ యంత్రమును అమెరికాలో డేవిడ్ అబ్రహాము తయారుచేసెను. అది 1951లో వాడుకకు వచ్చెను. ఆయనయు అంధుల పాఠశాలలో చేతిపని నేర్పు ఉపాధ్యాయుడే. నేడు చుక్కలు తమంతట తామే లేచి అణగు కంప్యూటరు పలకలున్నవి. పుస్తకమును బిగ్గరగా చదివి వినిపించు ఫోనులున్నవి. ఇవి గొప్ప వరములే. అయినను వినుటవలననే వర్ణక్రమము పట్టువడదు. స్వయముగా చదివి వ్రాయు శక్తి రావలెనన్న వ్రేలిక్రింద అక్షరముండవలెను. కావున క్రొత్త యంత్రము వచ్చినదని పాత చుక్కను విడువరాదు.

తలిదండ్రులారా, మీయింట చూపు తక్కువైన బిడ్డ యున్నచో కూవ్రే దంపతులవలె వానిచేతికి కఱ్ఱనిచ్చి వీథిలోనికి పంపుడు, బడికి పంపుడు. విద్యార్థులారా, మీ ప్రక్క అట్టి తోడివాడు కూర్చున్నచో జాలిపడి ఊరకుండక వానికి పాఠము చదివి వినిపింపుడు. ఉపాధ్యాయ సోదరసోదరీమణులారా, మన శ్రమకు ఫలము వెంటనే కనబడకపోవచ్చును. బ్రెయిలీ తన లిపి స్వీకరింపబడుటను పూర్తిగా చూడకయే గతించెను. కాని ఆయన ప్రతిదినము తరగతికి పోయి, ఎదుటి బాలుని వ్రేలు ఎచ్చట తడబడుచున్నదో గమనించి, అచ్చటనే తన పనిని సరిదిద్దుకొనెను. పాఠము బాలునకు అందనప్పుడు బాలుని నిందింపక సాధనమును మార్చి చూచుటయే ఆయన మనకు విడిచిన గురుమంత్రము. రాబోవు సంవత్సరమున మన పాఠశాల యా మార్గముననే నడచునట్లు దేవుడు మనకు ఓర్పును, వివేకమును దయచేయునుగాక.