కొల్లూరు గనిని చూసిన టావెర్నియే

17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ వాళ్ళు మన ద్రాక్షారామంలో బట్టల వ్యాపారం కోసం ఒక కొఠీ నడిపారు. ఆ కాలంలోనే ఒక ఫ్రెంచి వర్తకుడు మాత్రం కృష్ణ ఒడ్డున దొరికే రాళ్ళ కోసం వచ్చాడు. ఆయనే టావెర్నియే.

1605లో ప్యారిస్‌లో పుట్టాడు. తండ్రి దేశపటాల వ్యాపారి. ఆ పటాలు చూస్తూ పెరిగినవాడికి కాలు ఒకచోట నిలవలేదు. ఆరుసార్లు తూర్పు దేశాలకి ప్రయాణం కట్టాడు. 1640ల్లో గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనికి చేరాడు.

అక్కడ సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని ఆయన లెక్క. సొరంగాలేమీ లేవు, అంతా ఆకాశం కిందే. మగవాళ్ళు 10 నుంచి 14 అడుగుల దాకా తవ్వేవారు. నీరు పడితే తవ్వకం ఆగిపోయేది. ఆడవాళ్ళు, పిల్లలు ఆ మట్టిని మోసుకెళ్ళి, రెండడుగుల గోడ కట్టిన మడిలో పోసేవారు. తమాషా ఏంటంటే, తవ్వకానికి అడ్డొచ్చిన ఆ నీళ్ళనే తోడి మట్టి మీద పోసేవారు. ఒకట్రెండు రోజులు నానాక, గోడ అడుగున కన్నాలు తెరిస్తే బురద పోయి ఇసుక మిగిలేది. దాన్ని ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చెరిగి, గడ్డలు నలగ్గొట్టి, నేల మీద పరిచి చేతులతో వెతికేవారు. మనం క్లాసులో చదివే ఖనిజశుద్ధి అంతా ఇందులో ఉంది, యంత్రం తప్ప.

మరి కూలి? ఇంకో గనిలో, పని బాగా వచ్చినవాడికి కూడా ఏడాదికి 3 వరహాలేనని ఆయనే రాశాడు. రాళ్ళు మింగేస్తారనే భయంతో 50 మంది కూలీలకి పన్నెండు, పదిహేను మంది కాపలా!

టావెర్నియే దశ మాత్రం తిరిగింది. 1668లో 14వ లూయీ రాజుకి వజ్రాలు అమ్మాడు. వాటిలో 112 క్యారెట్ల నీలం రాయి ఒకటి. అది కొల్లూరుదేనని చాలామంది నమ్మకం. దాన్ని సానబట్టగా మిగిలిందే నేడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం. రాజు ఆయనకి ప్రభువంశ హోదా ఇచ్చాడు. 1676లో యాత్రల పుస్తకం అచ్చయింది. 1689లో, 84 ఏళ్ళ వయసులో మళ్ళీ ప్రయాణం పెట్టుకుని మాస్కోలో కన్నుమూశాడు.

కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఆ గోడలు, ఆ మడులు ఎలా ఉండేవో మనకి తెలిసింది టావెర్నియే రాసిపెట్టబట్టే. అయితే ఆ 60,000 మందిలో మట్టి మోసిన ఒక్కరి పేరూ ఆయన రాయలేదు. రాజుల పేర్లు, రాళ్ళ బరువులు మాత్రం జాగ్రత్తగా రాశాడు.