జొవాన్నీ అల్ఫోన్సో బొరెల్లీ

జొవాన్నీ అల్ఫోన్సో బొరెల్లీ (జనవరి 28, 1608 - డిసెంబరు 31, 1679) ఇటలీకి చెందిన సుప్రసిద్ధ గణితవేత్త, భౌతిక, ఖగోళ, శరీరధర్మ శాస్త్రవేత్త. జంతువుల శరీర చలనాలను యంత్రశాస్త్ర సూత్రాలతో వివరించినందువలన ఈయనను జీవయాంత్రిక శాస్త్రానికి పితామహునిగా భావిస్తారు. నీటిలో మునిగే మనిషి తన ప్లవనాన్ని తానే మార్చుకొనే సాధనం ఒకటి ఉండాలని గుర్తించి, దానికి రూపకల్పన చేసిన తొలి శాస్త్రజ్ఞులలో ఈయన ఒకడు. నేడు స్కూబా డైవర్లు ధరించే ప్లవన నియంత్రణ జాకెట్టు చరిత్రను వెనుకకు వెదుకుతూ వెళితే బొరెల్లీ గీయించిన బొమ్మ ఎదురవుతుంది.

బాల్యం, విద్య

బొరెల్లీ నేపుల్సులో జన్మించాడు. తండ్రి మిగెల్ అలోన్సో అక్కడి కోటలో స్పెయిన్ సేనకు చెందిన సైనికుడు. కుమారుడు తండ్రి పేరును కాక తల్లి ఇంటిపేరును కొద్దిగా మార్చుకొని బొరెల్లీగా ప్రసిద్ధుడైనాడు. రోములో గెలీలియో శిష్యుడైన బెనెదెత్తో కస్తెల్లీ వద్ద గణితం అభ్యసించాడు. వాయుభారమితిని కనుగొన్న తొరిచెల్లీ కూడా కస్తెల్లీ శిష్యుడే. కస్తెల్లీ నదుల ప్రవాహంపై గ్రంథం రచించినవాడు గనుక నీటి బలాలపై ఆసక్తి బొరెల్లీకి గురువు నుండే సంక్రమించి ఉండవచ్చు.

ఉద్యోగ జీవితం

తరువాత సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో గణిత ఉపన్యాసకుడైనాడు. 1647-48లో సిసిలీలో విషజ్వరాలు ప్రబలినప్పుడు వాటి కారణాలను పరిశీలించి 1649లో ఒక పుస్తకం ప్రకటించాడు. 1656లో పీసా విశ్వవిద్యాలయంలో గణితాచార్యునిగా నియమితుడైనాడు. అక్కడ మార్చెల్లో మల్పీగీతో స్నేహం కుదిరింది. మల్పీగీ వైద్యుడు, బొరెల్లీ గణితజ్ఞుడు. ఈ మైత్రి వలన మల్పీగీ దృష్టి ప్రయోగాలవైపు, బొరెల్లీ దృష్టి జంతు శరీరంవైపు మళ్ళాయి.

1657లో మెదిచి వంశీయుల పోషణలో ఫ్లారెన్సులో ఏర్పడిన అకడేమియా దెల్ చిమెంతో (ప్రయోగ పరిషత్తు) లో బొరెల్లీ ముఖ్య సభ్యుడు. ఆ పరిషత్తు 1667లో తన ప్రయోగాలను గ్రంథంగా వెలువరించినప్పుడు ఎవరు ఏ ప్రయోగం చేశారో చెప్పకుండా అందరి పేర్లూ మరుగుపరచింది. ఆ సంవత్సరమే బొరెల్లీ పీసా వదలి మెస్సీనాకు తిరిగి వెళ్ళాడు. అంతకుముందు 1666లో బృహస్పతి ఉపగ్రహాల చలనంపై ఒక గ్రంథం, తరువాత 1669 నాటి ఎట్నా అగ్నిపర్వత విస్ఫోటనంపై మరొక గ్రంథం రచించాడు.

చేప గాలితిత్తి

పరిషత్తులో చేసిన ప్రయోగాలలో గాలి తీసివేసిన పాత్రలో చేపను ఉంచడం ఒకటి. బయటి పీడనం తగ్గగానే చేప కడుపులోని గాలితిత్తి (వాయుకోశం) ఉబ్బి పగిలిపోయింది. ఆ చేపను తిరిగి నీటిలో విడిచినప్పుడు అది అడుగున పాకుతూ తిరిగిందే గాని పైకి తేలలేకపోయింది. చేపను నీటి మధ్యలో నిలుపుతున్నది రెక్కలు కాదు, ఈ చిన్న తిత్తేనని బొరెల్లీ గ్రహించాడు. తిత్తి పెద్దదైతే చేప తొలగించే నీరు ఎక్కువై పైకి లేస్తుంది, చిన్నదైతే మునుగుతుంది. ఇది ఆర్కిమెడీసు సూత్రమే.

అయితే తిత్తి పరిమాణం ఎలా మారుతుందనే విషయంలో బొరెల్లీ పొరబడ్డాడు. చేప కండరాలతో తిత్తిని నొక్కుతుందని, వదులుతుందని ఆయన భావించాడు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆర్మండ్ మొరో ప్రయోగాల వలన అసలు సంగతి తెలిసింది. చేప ప్రధానంగా తిత్తిలోకి వాయువును చేర్చడం ద్వారా, తీసివేయడం ద్వారా సమతూకం తెచ్చుకుంటుంది.

డైవరు సాధనం

బొరెల్లీ ఊహించిన డైవరు తలపై సుమారు రెండు అడుగుల వ్యాసం గల లోహపు గోళం, దానికి గాజు కిటికీ, ఒంటికి మేకతోలు దుస్తులు, పాదాలకు నీటిని తన్నడానికి పంజాల వంటి తొడుగులు ఉంటాయి. వీటన్నిటికన్న ముఖ్యమైనది పిస్టను గల ఒక గొట్టం. పిస్టనును లోపలికి నెడితే గొట్టంలోని గాలి కుదించుకుపోయి డైవరు మునుగుతాడు, బయటకు లాగితే తేలుతాడు. అంటే బొరెల్లీ తాను ఊహించిన చేపనే లోహంతో తయారు చేయబోయాడు.

ఈ సాధనానికి చిన్న లెక్క వేసి చూడవచ్చు. రెండు అడుగుల గోళం తొలగించే నీరు వంద లీటర్ల పైమాటే. కాబట్టి దానిని ముంచడానికే వంద కిలోలకు పైగా బరువు కావాలి. పిస్టను వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుంటే, దానిని 10 సెంటీమీటర్లు జరిపినందువలన మారే ప్లవనం 800 గ్రాములు కూడా ఉండదు. పైగా గొట్టంలోని గాలి ఉపరితల పీడనంలోనే ఉంటే, 10 మీటర్ల లోతున ఆ పిస్టనును బయటకు తీయాలంటే సుమారు 80 కిలోల బలం ప్రయోగించాలి. పెద్ద బరువును సీసం వంటి వాటికి వదలిపెట్టి, సూక్ష్మమైన సవరణను మాత్రమే సాధనానికి అప్పగించాలనే నియమం ఈ అంకెలలో దాగి ఉంది.

శ్వాస విషయంలో మాత్రం బొరెల్లీ ఆలోచన ప్రాణాంతకమైనది. విడిచిన వేడి గాలి వంకర గొట్టంలో ప్రయాణించి చల్లబడితే, తేమ పోయి మళ్ళీ పీల్చుకోవడానికి పనికివస్తుందని ఆయన తలచాడు. విడిచిన గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉంటుందనే సంగతి అప్పటికి తెలియదు. అదృష్టవశాత్తు ఈ సాధనం బొమ్మగానే మిగిలింది. ఇదే గ్రంథంలో ఆయన ఒక జలాంతర్గామిని కూడా వర్ణించాడు. పడవ అడుగు రంధ్రాలకు మేకతోలు తిత్తులు బిగించి, వాటిలోకి నీరు చేరనిచ్చి మునగడం, నీటిని పిండివేసి తేలడం దాని పద్ధతి.

ప్రవాసం, మరణం

స్పెయిన్ పాలనకు వ్యతిరేకంగా కుట్ర చేశాడనే అనుమానంపై 1672లో బొరెల్లీ మెస్సీనా వదలి రోముకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ సింహాసనం త్యజించి నివసిస్తున్న స్వీడన్ రాణి క్రిస్టినా ఆశ్రయం లభించింది. 1677లో సేవకుడొకడు ఆయన సొత్తునంతటినీ అపహరించాడు. డెబ్బయ్యో ఏటికి చేరువైన శాస్త్రవేత్త సాన్ పాంతలేయో మఠంలో తలదాచుకొని, అక్కడి విద్యార్థులకు గణితం బోధిస్తూ కాలం గడిపాడు. జీవితకాలపు కృషి అయిన 'దె మోతు అనిమాలియం' (జంతువుల చలనం గురించి) వ్రాతప్రతిగానే ఉండిపోయింది. చివరకు ముద్రణ వ్యయం భరించడానికి క్రిస్టినా అంగీకరించింది. పుస్తకం వెలువడకముందే 1679 సంవత్సరపు చివరి దినాన బొరెల్లీ మరణించాడు. మఠవాసులు పని పూర్తిచేయగా గ్రంథం 1680, 1681 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడింది. వారు ఆ వ్రాతప్రతిని పక్కన పెట్టి ఉంటే చేప తిత్తి గురించిన అధ్యాయంతో పాటు, కండరాలు మోసే బరువుకన్న ఎన్నో రెట్ల బలం ప్రయోగిస్తాయని చూపిన లెక్కలు, పలక మీద మనిషిని పడుకోబెట్టి గరిమనాభిని కనుగొన్న ప్రయోగం, సొంత కండరబలంతో మనిషి ఎగరలేడనే నిరూపణ కూడా లోకానికి అందేవి కావు.

నేటి సాధనాలు

1961లో ఫ్రాన్సుకు చెందిన మోరిస్ ఫెంజీ, మెడచుట్టూ ధరించే గాలితిత్తికి చిన్న గాలి సీసాను అమర్చిన సాధనానికి పేటెంటు పొందాడు. ఇది బొరెల్లీ చేప వలె నొక్కదు, మొరో చేప వలె వాయువును చేర్చుకుంటుంది. నేటి జాకెట్లన్నీ ఈ పద్ధతిలోనివే. బొరెల్లీ గొట్టంలో లేని చిక్కు ఒకటి వీటిలో ఉంది. పిస్టనును బిగించి ఉంచితే లోతు మారినా దాని పరిమాణం మారదు. మెత్తని తిత్తి అలా కాదు. 10 మీటర్ల లోతున ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది. తిత్తిలో గాలి ఎంత ఎక్కువ ఉంటే డైవరు అదుపు తప్పి పైకి దూసుకుపోయే ప్రమాదం అంత ఎక్కువ.

కొత్తగా డైవింగు నేర్చుకొనేవారు ఎక్కువ బలంతో తేల్చే పెద్ద తిత్తి ఉంటే మంచిదని భ్రమపడుతుంటారు. ముందు నిర్ణయించుకోవలసినది సీసపు బరువు. సిలిండరు దాదాపు ఖాళీ అయినప్పుడు, తిత్తిలో గాలి లేకుండా, సగం ఊపిరితో నిటారుగా ఉంటే నీటి మట్టం కళ్ళ దగ్గర ఆగాలి. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనంతో నింపిన గాలి బరువు సుమారు 3 కిలోలు. రబ్బరు దుస్తులు లోతున నలిగి కోల్పోయే ప్లవనం మరికొంత ఉంటుంది. ఈ రెండింటినీ భర్తీ చేసి, నీటిపై తల ఎత్తి నిలపడానికి చాలినంత తిత్తి సరిపోతుంది. ఒంటిని చుట్టుకొనే జాకెట్టు రకం నీటి ఉపరితలంపై నిటారుగా నిలుపుతుంది గనుక కొత్తవారికి సౌకర్యం. తిత్తి అంతా వీపున ఉండే రకం నీటిలో అడ్డంగా ఈదడానికి అనుకూలం, కాని ఉపరితలంపై ముందుకు తోస్తున్నట్లు అనిపిస్తుంది. ఏ రకమైనా ఒంటికి సరిగా బిగిసి, గాలి వదిలే కవాటాలు చేతికి వెంటనే అందాలి. దుకాణంలో తొడిగి చూడటంతో ఆగక నీటిలో పరీక్షించడం అవసరం.

గుర్తింపు

అమెరికా జీవయాంత్రిక శాస్త్ర సంఘం తన అత్యున్నత పురస్కారానికి బొరెల్లీ పేరు పెట్టింది. ఆయన గ్రంథంలోని డైవరు చిత్రం డైవింగు చరిత్ర పుస్తకాలలో తరచు కనిపిస్తుంది.